తాత పడవకి రిటర్న్ డేట్

ముందే ఒప్పేసుకుంటాను, తర్వాత ఎవరో అడిగి పరువు తీసే కంటే అదే మేలు: నాకు ఈత రాదు. మా ఇంటిపేరు మైలపిల్లి. శ్రీకాకుళం తీరంలో ఈ ఇంటిపేరు చెబితే ఎదుటివాళ్లు చేపల రేటు అడుగుతారు. నేను సముద్రాన్ని రెండంటే రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చెప్పులు విప్పలేదు. పుట్టింది రాయ్‌పూర్‌లో, కంప్యూటర్ సైన్స్ చదివింది కూడా ఇక్కడే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పుణె కంపెనీ ఒకదాని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతుంటాను. అలాంటిదాన్ని ఒక పాత చేపల పడవని బాగుచేసే పనిలో ఎందుకు దూరానంటే, ఆ పడవ నేను మీటింగులకి కూర్చునే కిటికీకి సరిగ్గా బయట ఉంది. సుత్తి చప్పుడు మొదలయ్యాక మీటింగులు ఎలాగూ సాగలేదు.

పడవ మా తాత పున్నయ్యది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరడానికి ఊరు వదిలొచ్చినప్పుడు తాత వల తెచ్చుకోలేదు, పడవా తెచ్చుకోలేదు. ఆ పిచ్చి మాత్రం తెచ్చుకున్నాడు. ఆరంగ్ దాటాక ఒక జలాశయం ఉంది. దాని కోసం సాల చెట్టు చెక్కతో సొంతంగా పడవ చేసుకుని, సెలవు దొరికినప్పుడల్లా అక్కడికెళ్లి చేపలు పట్టేవాడు. ఆయన పోయాక దాన్ని తెచ్చి బీర్‌గావ్‌లో మా ఇంటి గోడ పక్కన బోర్లా పెట్టారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. కింద కోళ్లు పడుకునేవి, మీద అమ్మ మిరపకాయలు ఎండబెట్టేది. నా దృష్టిలో అది కాస్త వంకరగా కట్టిన అరుగు.

పోయిన వేసవిలో మా చిన్నాన్న ఈశ్వర్ పనిచేసే రోలింగ్ మిల్లు మూతపడింది. చిన్నాన్న ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి మా నాన్న చూపించినది: తెలిసినవాళ్ల గోడౌన్‌లో వాచ్‌మన్ పని. రెండోది చిన్నాన్నే వెతుక్కున్నది: తాత చేపలు పట్టిన ఆ జలాశయం మత్స్యకారుల సొసైటీలో ఒక సభ్యుడి చోటు ఖాళీ అయింది. సొసైటీ పెద్ద దుకాలూ నిషాద్‌కి మా తాత బాగా తెలుసు. "పున్నయ్య కొడుక్కి కాక ఎవరికిస్తాను" అన్నాడట. కానీ షరతు ఉంది. సొంత నావ ఉండాలి. వానాకాలంలో చేపల వేట నిషేధం ముగిసి సీజన్ మొదలయ్యే రోజున అందరి ముందూ ఆ నావ పరీక్షకి నిలబడాలి. నిలబడకపోతే చోటు వరసలో తర్వాతివాడికి పోతుంది.

ఈ విషయం మా ఇంట్లో భోజనాల దగ్గర తేలింది. మా నాన్న వెంకటస్వామి వ్యాగన్ రిపేర్ షాపులో పెయింటర్‌గా రిటైరయ్యాడు. తమ్ముడి విషయంలో మాత్రం ఇంకా రిటైరవ్వలేదు.

"ఏట్రా, ఇన్నేళ్లు ఇనుము కాల్సినోడివి, ఇప్పుడు చేపలు పడతావా? నువ్వు ఈత నేర్చుకున్నదే ఖారూన్ నదిలో, అదీ మోకాల్లోతులో!"

"చేపలకి మోకాల్లోతు చాలన్నయ్యా."

"వాచ్‌మన్ పనికైతే టోపీ ఇస్తారు," అంది మా పిన్ని గంగాభవాని, అన్నం వడ్డిస్తూ. "విజిల్ కూడా ఇస్తారు. ఈయనకి విజిల్ సరదా."

"ఆ గోడౌన్‌లో కుర్చీ ఏసుకుని గోడని సూస్తా కూచోలేను, భాభీ ముందు చెప్తన్నాను," అన్నాడు చిన్నాన్న మా అమ్మని సాక్ష్యం పెట్టుకుంటూ. "ఒక్క ఛాన్స్ ఇవ్వన్నయ్యా. నావ ఫెయిలైతే ఆ టోపీ నేనే వచ్చి పెట్టుకుంటాను. బస్."

నాన్న చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లి, మిరపకాయలు పక్కకి తోసి, పడవని గోటితో గీకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. స్కూల్లో నా సైన్స్ ప్రాజెక్టు చేసిపెట్టేటప్పుడు కూడా అలాగే చూశాడు. ఆ ప్రాజెక్టులో నాకు పనేమీ మిగల్లేదు.

"సర్లే," అన్నాడు. "చేస్తే పద్ధతిగా చేద్దాం. షాపు పద్ధతిలో."

పడవని తిరగేసి చూస్తే పరిస్థితి ఇదీ: రాయ్‌పూర్ ఎండలకి చెక్కలు ముడుచుకుపోయి, పలకకీ పలకకీ మధ్య సందుల్లోంచి అవతల ఉన్న కోడి కనిపిస్తోంది. వ్యాగన్ షాపులో సందు కనిపిస్తే ఏం చేస్తారు? మూసేస్తారు. మేమూ అదే చేశాం. ఇక్కడ నా పాత్ర వస్తుంది. మామూలు లప్పం చాలదని, ఇంటర్నెట్‌లో చూసి రాయిలా గట్టిపడే ఎపాక్సీ లప్పం తెప్పించింది నేనే. ఎక్కడో మంచు దేశంలో ఒకాయన అదే లప్పంతో పడవ బాగుచేసుకుని, కాఫీ తాగుతూ నవ్వుతున్న వీడియో చూశాను. ఆ దేశంలో మే నెల ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. రివ్యూలు మాత్రం చాలా బాగున్నాయి.

నాన్న సందులన్నీ నింపాడు, ఆరాక మెషిన్ పెట్టి నున్నగా రుద్దాడు. చిన్నాన్న పక్కన నిలబడి, "కొంచెం ఎక్కువైందేమో అన్నయ్యా" అన్నప్పుడల్లా, "నువ్వు ఇనుము మనిషివి, నీకేం తెలుసు" అనేవాడు. తను కూడా ఇనుము మనిషే అన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

తర్వాత టెస్టింగ్. పడవని ఇటుకల మీద ఎత్తిపెట్టి, లోపల పైపుతో నీళ్లు నింపాడు.

"నాన్నా, నీళ్లు బయట కదా ఉండాల్సింది?"

"ట్యాంకర్లకి ఇలాగే చేస్తాం. లోపలివి బయటికి పోకపోతే, బయటివి లోపలికెలా వస్తాయే పిచ్చిదానా?"

గంటసేపు అందరం పడవ కింద వంగి చూశాం. ఒక్క చుక్క పడలేదు. నా చదువు ప్రకారం కూడా ఇందులో తప్పేమీ కనిపించలేదు. నీళ్లు తోడేసి రంగు మొదలుపెట్టాడు నాన్న. ప్రైమరు, దాని మీద వ్యాగన్లకి వేసే ముదురు ఎరుపు, మళ్లీ ఎరుపు. అద్దంలా అయింది. అక్కడితో ఆగుతాడనుకున్నాం. అక్షరాలు అద్దే రేకు అచ్చులు బయటికి తీశాడు.

తెలియనివాళ్లకి చెప్తాను. ప్రతి గూడ్సు వ్యాగన్ పక్కనా తెల్ల అక్షరాలతో కొంత సమాచారం రాసి ఉంటుంది. ఖాళీ బరువు ఎంత, ఎంత సరుకు మోస్తుంది, ఏ షాపులో ఎప్పుడు బాగుచేశారు, మళ్లీ ఎప్పుడు రిపేరుకి రావాలి. ఆ చివరిదాన్ని రిటర్న్ డేట్ అంటారు. మా నాన్న ఉద్యోగమంతా అవి రాయడంలోనే గడిచింది. కాబట్టి పాత ఇనుప సామాన్ల కొట్టు కాటా మీద పడవని తూయించి మరీ, ముక్కు పక్కన ఖాళీ బరువు టన్నుల్లో రాశాడు. సున్నా పాయింట్ ఎంతో వచ్చింది. కింద రిపేరు చేసిన నెల, దాని కింద రిటర్న్ డేట్.

"ఎంజిన్ ఎటువైపు తగిలించాలో కూడా రాయండి బావగారూ," అంది పిన్ని.

ఆగస్టు మొదట్లో దాన్ని ఛోటా హాథీకి ఎక్కించాం. మా దగ్గర ఆ చిన్న ట్రక్కుని అందరూ అలాగే అంటారు. ఆరంగ్ దాటి జలాశయం దగ్గర దించేసరికి సొసైటీవాళ్లు పని ఆపి చూశారు. వాళ్ల నావలన్నీ నల్లగా, తారు మరకలతో ఉన్నాయి. మాది పెళ్లికొచ్చినట్టుంది. దుకాలూ నిషాద్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. ఆ యాస రాయడం నావల్ల కాదు, అర్థం మాత్రం చెప్తాను.

"బేటీ, ఈ అంకెలేంటి?"

"ఖాళీ బరువు, దాదా."

"ఎవరడిగారు?"

నేను నాన్నని చూపించాను. నీళ్లలోకి తోశాం. పడవ అందంగా తేలింది. సాయంత్రం దాకా లోపల పొడి. పరీక్ష రోజు వరకూ అక్కడే కట్టేసి ఉంచమని దుకాలూకి చెప్పి బయల్దేరాం. నాన్న దారిలో అందరికీ జిలేబీ తినిపించాడు. చిన్నాన్న జిలేబీ తింటూ, "అన్నయ్యా, నీవల్లే" అన్నాడు. ఆ మాట నాన్న ఇంటికొచ్చాక అమ్మకి మళ్లీ చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం దుకాలూ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాం.

"ఈశ్వర్, మీ నావ అరుస్తోంది."

"ఏం చేస్తోంది?"

"అరుస్తోందయ్యా. కటకటమని. కుక్కలు భయపడుతున్నాయి. వచ్చి తీసుకెళ్లండి."

వెళ్లి చూశాం. సందుల్లో లప్పం పళ్లు బయటపెట్టినట్టు పైకి లేచి ఉంది. ఒక పక్క పలక మేకులతో సహా బయటికి పొడుచుకొచ్చింది. లోపల వంపు కర్ర ఒకటి నిలువునా చీలింది. ఎర్ర రంగు పెచ్చులు నీళ్ల మీద తేలుతున్నాయి. జరిగింది ఇది: ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి చోటు కావాలి. ఆ చోటులో మేం రాయి కూరిపెట్టాం. చెక్క పక్కకి జరగలేక తన ఎముకలే విరగ్గొట్టుకుంది. పెరట్లో గంటసేపు నీళ్లు పోసి చూసినదానికీ, రాత్రంతా నీళ్లలో ఉన్నదానికీ తేడా ఉంటుందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

చిన్నాన్న ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు. సీజన్‌కి రెండు వారాలు కూడా లేవు. ఊడిన లప్పం ముక్క ఒకటి చేతిలో తిప్పుతూ అన్నాడు:

"అన్నయ్యా, నాన్న దీన్ని ముంచీసేవోడు. గుర్తుందా?"

"ఏటి?"

"ఎండాకాలం అయిపోగానే రాళ్లేసి నీళ్లలో ముంచీసేవోడు. వారం పదిరోజులు అలాగే ఉంచీసేవోడు. ఎవుడూ ఎత్తుకుపోకుండా దాస్తన్నాడనుకున్నాను నేను."

నాన్న పడవ వైపు చూస్తూ, "నేనూ అలగే అనుకున్నాను," అన్నాడు.

అంటే తాత ప్రతి ఏడూ కొడుకులిద్దరి కళ్లముందే చేసిన పనిని, కొడుకులిద్దరూ దొంగల భయం అనుకున్నారు. తాతని అడిగి ఉంటే చెప్పేవాడే. అడగాల్సిన విషయంలా అనిపించలేదట.

ఇంటికి తీసుకెళ్లే టైము లేదు. ఒడ్డునే టార్పాలిన్ కట్టి పని మొదలైంది. లప్పం మొత్తం ఉలితో తవ్వి తీయాలి. అది నేను ఏరికోరి తెప్పించిన లప్పం. రివ్యూల్లో రాసినట్టే, ఎంత కొట్టినా రాలేదు. దాంతోపాటు రంగూ పోయింది. నాన్న తన ఎరుపుని తనే గీకాడు. చిన్నాన్న, "నేను గీకుతాలే, నువ్వు కూచో," అంటే, "వేసినోడే తియ్యాలి. షాపులో రూల్," అన్నాడు. అలాంటి రూలేమీ లేదని మా అందరికీ తెలుసు. అక్షరాలు రాసిన చోటికొచ్చేసరికి కాస్త ఆగాడు. బరువు అంకె గీకాడు, రిపేరు నెల గీకాడు. రిటర్న్ డేట్ దగ్గర ఉలి నాకిచ్చి టీ తాగడానికెళ్లాడు. నేను గీకేశాను.

చిన్నాన్న చీలిన కర్ర మార్చాడు. సందుల్లో ఈసారి గట్టిదేదీ పెట్టలేదు. పేనిన నూలు పోగులు, వాటి మీద గుగ్గిలాన్ని నూనెలో కాచిన జిగురు. వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా. తర్వాత రాళ్లేసి పడవని ముంచేశాం. ఇంత కష్టపడి బాగుచేసిన వస్తువుని అందరం కలిసి ముంచుతుంటే చూడ్డానికి బాగోలేదు. దారిన పోయేవాడెవడో వీడియో తీశాడు.

పరీక్ష రోజు పొద్దున పడవని పైకి లేపి, నీళ్లు తోడి, గుడ్డతో తుడిచాం. నల్లటి చెక్క, అక్కడక్కడా ఎర్ర మచ్చలు. జబ్బు చేసి లేచిన మనిషిలా ఉంది. వరసలో తర్వాతివాడు కొత్త నావతో సహా వచ్చి, చెట్టు కింద బీడీ కాలుస్తూ చూస్తున్నాడు.

ఆ సొసైటీ పరీక్ష ఇలా ఉంటుంది. నావలో ఇద్దరెక్కి అవతలి ఒడ్డుకెళ్లి రావాలి. నీళ్లు తోడే డబ్బా ఇవతలే వదిలెయ్యాలి. రెండో మనిషి కొత్త సభ్యుడి ఇంటివాళ్లే అయ్యుండాలి, ఎందుకంటే చెడ్డ నావలో సొంతవాళ్లని ఎవరూ ఎక్కించరు. వెళ్లేముందు దుకాలూ తన భుజం మీది తువ్వాలు, అదే గమ్‌ఛా, దాని కొసలో నాలుగు గుప్పెళ్ల ముర్రా, అంటే మరమరాలు, మూట కట్టి నావ అడుగున పెడతాడు. తిరిగొచ్చాక మూట విప్పి అందరికీ పంచుతారు. సభ్యులు తింటే ఒప్పుకున్నట్టు. తినకపోతే నావ ఇంటికి.

"నేనెక్కుతాను," అన్నాడు నాన్న, ప్యాంటు మడుస్తూ.

"నువ్వెంత ఉంటావో కాటా మీద నువ్వే తూచుకున్నావు కదా అన్నయ్యా, పడవతో పాటు," అన్నాడు చిన్నాన్న. "వద్దు."

"పోనీ, భవానీ?" అన్నాడు నాన్న.

"నేనెక్కితే ఈయన తెడ్డు వేయడు బావగారూ, నాతో వాదిస్తాడు," అంది పిన్ని. "చాందినీని ఎక్కించండి. గాలొస్తే ఎగిరిపోయేట్టుంటుంది."

అందరూ నా వైపు తిరిగారు. నాకు ఈత రాదని మొదటి వాక్యంలోనే ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఎక్కాను. చిన్నాన్న నాకెదురుగా కూర్చుని తెడ్డు వేస్తున్నాడు. అవతలి ఒడ్డు ముట్టుకుని తిరిగాం. సగం దూరంలో, కొత్త కర్ర పక్కన, ఒక సన్నటి తడి గీత కనిపించింది. అది మెల్లిగా మూట వైపు పాకుతోంది.

"చిన్నాన్నా, నీళ్లు."

"సూడకు. సూస్తే పెరుగుతాది."

"అది సైన్స్ కాదు చిన్నాన్నా."

"నీ సైన్స్‌నే కదే నాలుగు రోజులు ఉలెట్టి గీకాం."

తడి మూట అంచుకి తగిలింది. గమ్‌ఛా గుడ్డ నీటిని పైకి లాగుతుందని అది చూడకముందే నాకు తెలుసు. నా కాలు మూటకి దగ్గర్లోనే ఉంది. ఒడ్డు నుంచి చూస్తే నా పాదాలు కనిపించవు.

"బొటనవేలితో కొంచెం జరపనా?" అన్నాను మెల్లిగా.

చిన్నాన్న తెడ్డు ఆపాడు. మూట వైపు చూశాడు, ఒడ్డున చెట్టు కింద బీడీ కాలుస్తున్నవాడి వైపు చూశాడు.

"వద్దు," అన్నాడు. "రేపు ఇదే నావలో లోతులోకెళ్లాల్సింది నేనే. తడిస్తే తడవనీ. టోపీ నాకు నప్పుతాదిలే."

మళ్లీ తెడ్డు వేశాడు. నేను కాళ్లు పైకెత్తి పెట్టుకుని కూర్చున్నాను. అందులో మాత్రం మోసమేమీ లేదు, భయమే.

ఒడ్డుకి రాగానే దుకాలూ మూట విప్పాడు. ఒక గింజ నోట్లో వేసుకుని నమిలాడు. ఇంకొకటి. మొహంలో ఏమీ తెలియలేదు. గుప్పెడు తీసి, పెద్దవాడని నాన్న చేతిలో పోశాడు. నాన్న నమిలాడు. ఉద్యోగమంతా వ్యాగన్లు చూసినవాడి నాలుక అది.

"మెత్తగా ఉన్నాయి," అన్నాడు తెలుగులో. "నేనైతే పాస్ చేయను."

"అన్నయ్యా!"

"ఉన్నది చెప్పాలి కదరా."

"ఏమంటున్నాడు?" అన్నాడు దుకాలూ.

ఉన్నదున్నట్టు నేనే చెప్పాను: మెత్తగా ఉన్నాయి, తనైతే ఫెయిల్ చేస్తాను అంటున్నారు.

దుకాలూ ఒక్క క్షణం నాన్నని చూసి, పగలబడి నవ్వాడు. "అడుగువి మెత్తగా ఉన్నాయి, పైవి కరకరలాడుతున్నాయి. ఇక్కడున్న ఏ నావలో పెట్టినా ఇంతే వస్తుంది బాబూ. మొత్తం కరకరలాడే నావని ఈ మధ్య ఒక్కటే చూశాను. మీ ఎర్రదాన్ని. మర్నాడు అది అరిచింది."

గమ్‌ఛా పట్టుకుని సభ్యుల వరస వెంట నడిచాడు. మొదటివాడు చెయ్యి చాపాడు. పక్కవాడు చాపాడు. "ఉల్లిపాయ తేలేదా?" అని ఎవరో అడిగారు. చెట్టు కింద ఉన్నవాడు బీడీ ఆర్పి, వచ్చి తనూ కాసిని తీసుకున్నాడు. వచ్చే ఏడు ఇంకో చోటు ఖాళీ అవుతుందని దుకాలూ అతనికి చెప్తుంటే విన్నాను. చిన్నాన్న నావ తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిన్ని వెళ్లి అతని నోట్లో నాలుగు గింజలు పెట్టింది.

"టోపీ పోయింది," అంది. "విజిల్ నేను కొనిస్తాలే."

నాన్న ట్రక్కు దగ్గరికెళ్లి సంచీ తెచ్చాడు. అందులోంచి రేకు అచ్చులు, చిన్న తెల్లరంగు డబ్బా బయటికొచ్చాయి. అవి వెంట తెచ్చాడని మాలో ఎవరికీ తెలియదు.

"ఇప్పుడెందుకన్నయ్యా? రంగంతా పోయింది కదా," అన్నాడు చిన్నాన్న.

"రిటర్న్ డేట్ లేని బండిని యార్డు దాటనివ్వకూడదు."

నీళ్లు తగలని పై పలకని తన తువ్వాలుతో తుడిచి, అచ్చు పెట్టి, బ్రష్‌తో అద్దాడు. బరువు రాయలేదు. మళ్లీ వేట ఆపే నెల, వచ్చే ఏడాది జూన్, అది ఒక్కటే రాశాడు. తడి చెక్క మీద రంగు కాస్త పాకింది. ఆయన దాన్ని సరిచేయలేదు.

"అప్పుడు తీసుకురా," అన్నాడు. "లప్పం పెట్టను."

మా పెరట్లో పడవ ఉన్నచోట ఇప్పుడు పడవ ఆకారంలో గడ్డి మొలవని నేల ఉంది. కోళ్లు ఇంకా అక్కడికే వచ్చి పడుకుంటున్నాయి. మీ ఇంట్లో కూడా గోడకి ఆనించిన వస్తువు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మీవాళ్లు ఏ ఉద్యోగం పద్ధతిలో బాగుచేయబోయారు, మొదట ఎలా చెడగొట్టారు, చివరికి ఏమైంది? రాయండి. ఫెయిలైనవైతే ముందు పంపండి. తప్పులు వెతకడమే నా ఉద్యోగం కాబట్టి శ్రద్ధగా చదువుతాను.